ఇచ్చిన తాంబూలం వెనక్కి అడగరాదు

మా ఇళ్ళలో పసుపు సంచిని ఎవరూ అనుమానించరు. పెళ్లికి పోయిన ప్రతివాళ్ళకూ ఒకటి వస్తుంది. ఒకవైపు వధూవరుల పేర్లు, ఇంకోవైపు దేవుడి బొమ్మ, లోపల టెంకాయ, ఆకూవక్కా, అరటిపండ్లు. లోపలివి ఖర్చయిపోతాయి, సంచి మిగులుతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాంట్లోనే కూరగాయలు, రేషన్ బియ్యం, మా కోడుమూరులో అయితే మగ్గానికి నూలు ఉండలు. దాని మీద పేర్లున్న జంట విడిపోయినా సంచి పనిచేస్తూనే ఉంటుంది.

అందుకే నా సామాన్లు దాంట్లో పెట్టుకునేవాణ్ణి. జిప్పున్న నల్ల బ్యాగు పట్టుకుని పోతే పదిమందీ అడుగుతారు: "ఏమప్పా, ల్యాప్‌టాపా? ఎంతైంది? పెండ్లికి గూడా పనేనా?" పసుపు సంచి పట్టుకుంటే నన్ను చూడను కూడా చూడరు. చూడకపోవడమే నాకు కావాల్సింది.

నా సామాన్లు అంటే ఇవి. పొట్టకు అంటించుకునే సంచులు. అవి అంటుకునే చోట సందులు పూడ్చే పేస్టు. చర్మం ఒరుసుకుపోతే చల్లుకునే తెల్లటి పొడి. రంధ్రం కొలతకు కత్తిరించుకోవడానికి మొన వంగిన కత్తెర. కడుక్కోవడానికి నీళ్ళ సీసా, అది తడి కాకుండా చుట్టిన తువ్వాలు. విరేచనం పలచబడితే వేసుకునే మాత్రలు.

నా పెద్దపేగు పుండ్లుపడి పనికిరాకుండా పోయింది. తీసేశారు. చిన్నపేగు చివరను బొడ్డుకు కుడివైపు బయటికి తెచ్చి కుట్టారు. తిన్నది అక్కడినుంచి సంచిలోకి వస్తుంది, దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. ఆపుకోవడం అనే పని ఇక నా చేతుల్లో లేదు. నేను ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిచూసే పనిలో ఉన్నాను కాబట్టి నాకిది సులభంగానే అర్థమైంది. పైపు, గాస్కెట్, ట్యాంకు. గాస్కెట్ సరిగ్గా కూర్చుంటే లీకు ఉండదు. ఇందులో సిగ్గుపడాల్సిన భాగం ఏదో నాకు దొరకలేదు.

పెదనాన్నకు దొరికింది. మా నాన్న పోయాక ఇంటికి ఆయనే పెద్ద. ఆసుపత్రిలో నన్ను చూడ్డానికొచ్చి డాక్టరును మొదట అడిగింది నేను బతుకుతానా అని కాదు, "ఇది చొక్కా కింద కనపడదు గదా సార్?" అని. తర్వాత నా మంచం దగ్గరికి వంగి చెప్పాడు.

"ఎవురికీ చెప్పాకు. నాకిద్దరు ఆడపిల్లలు. వంశంలో పేగుల జబ్బుండాదని తెలిస్తే ఎవుడు జేసుకుంటాడు?"

కాదనడానికి నాకు నోరు తిరగలేదు. మత్తు ఇంకా దిగలేదు, అది ఒప్పుకోవడంగా ఆయన లెక్కేసుకున్నాడు.

ఆయన పెద్దకూతురి పెళ్లి బద్వేలులో. మగపెళ్లివాళ్ళ ఊరు అదే. నేను పోకూడదనే అనుకున్నాను. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ పెళ్లిళ్ళకు రాదు. రానివ్వరు అనడం సరైన మాట. అమ్మను రానివ్వని చోటికి నేనెందుకు పోవాలి? కానీ పెళ్లికూతురు ఫోన్ చేసింది. నా జబ్బు సంగతి తెలిసిన కొద్దిమందిలో తనొకతి. "అన్నా, పేలాలు పొయ్యడానికి నాకు నువ్వు తప్ప ఎవరుండారు? రాకపోయినావంటే పంతులుతోనే పోయించుకుంటా, తర్వాత నీ ఇష్టం" అంది. హోమంలో వేసే పేలాలు పెళ్లికూతురి దోసిట్లో పోయాల్సింది తోడబుట్టినవాడు. తనకు అన్నదమ్ములు లేరు. పోయాను.

కోడుమూరు నుంచి వచ్చిన పెళ్లిబస్సును నేను పనిచేసే కర్నూలులో ఎక్కాను. ప్రయాణానికి నాకో నియమముంది: సామాను అంతా ఒకచోట ఉండకూడదు. ఒకసారి మార్చుకోవడానికి సరిపడా ప్యాంటు జేబులో, మిగతాదంతా పసుపు సంచిలో. సంచి ఒళ్ళో ఉండాలి, పైన అరలో కాదు. నియమం మంచిదే. ఎండకు నియమాలు తెలియవు. నంద్యాల దాటేసరికి బస్సు రేకు కాలిపోతోంది, అంటించుకున్న జిగురు పాకంలా మెత్తబడింది. మైదుకూరు హోటల్లో చాయకు ఆగినప్పుడు దొడ్లో ఉన్న బాత్రూంలోకి పోయాను. కొక్కెం లేదు, గొళ్ళెం లేదు, బకెట్టులో అడుగున నీళ్ళు. చొక్కా పళ్ళతో పట్టుకుని, తలుపు కాలితో తన్నిపెట్టి, జేబులోది వాడేశాను. బయట మా మేనత్త తలుపు మీద కొడుతోంది.

"ఏమిరా, లోపల కాపురం పెట్టినావా? బస్సంతా నీకోసరం కాచుకోనుంది!"

బస్సంతా నవ్వింది. ఆమెకు నా సంగతి తెలియదు. తెలిసినా కొట్టేదే.

మరుసటి పొద్దున ముహూర్తం. పంచెకు జేబు లేదు, చొక్కా జేబులో పెడితే బయటికి కనపడుతుంది, అందుకే సామానంతా ఉన్న సంచి పట్టుకునే మండపంలోకి వచ్చాను. పేలాలు పోసేటప్పుడు పెదనాన్న నా చేతిని చూశాడు.

"అన్న స్థానంలో నిలబడి చేతిలో ఆ సంచేంది, కూరగాయల అంగడికి వచ్చినట్ల? ఆ గదిలో పెట్టి రా పో."

పెళ్లికూతురి గదిలో బల్ల కింద, పెట్టెల వెనక పెట్టి వచ్చాను. హోమం ముందు కూర్చున్నాను. పొగ, వేడి, చెమట. పేలాలు పోస్తుండగానే పొట్ట కుడివైపు చిన్న మంట మొదలైంది. ఆ మంట నాకు తెలుసు. జిగురు లేచి, లోపలిది కిందికి పాకి చర్మాన్ని తింటోందని అర్థం. చిన్నపేగులోంచి వచ్చేది మామూలు మలం కాదు, అరిగించే రసాలతో కలిసి వస్తుంది. దానికి అన్నమూ చర్మమూ ఒకటే.

తంతు అవగానే గదిలోకి పోయాను. బల్ల కింద పెట్టెలున్నాయి. సంచి లేదు.

గుమ్మంలో మేనత్త కుంకుమ గిన్నె పట్టుకుని వెళ్ళేవాళ్ళకు తాంబూలాలు ఇస్తోంది.

"అత్తా, ఈ బల్ల కింద పసుపు సంచుండె. చూసినావా?"

"పసుపు సంచా? ఈ మండపంలో అవి తప్ప ఇంకేమన్నా ఉండాయా నాయనా?"

"బల్ల కింద, పెట్టెల యెనక."

"ఓ, అదా! మీ పెదనాయన తెప్పిచ్చిన సంచులు అయిపాయె. పెండ్లికొడుకు మేనమామ ఎర్రగుంట్లకు పోవాల, లారీ లోడుండాది అని గడపలో నిలబడుకున్నాడు. మేనమామను ఒట్టి చేతుల్తో పంపిస్తే మనకు మర్యాదా? యెతికితే అది కనబడె. తడిమి చూస్తి, టెంకాయుండాది. బొట్టుపెట్టి ఇచ్చేస్తి."

తువ్వాలులో చుట్టిన నీళ్ళ సీసా. పైనుంచి తడిమితే టెంకాయే.

"దాని మీద వేరేవాళ్ళ పేర్లుండాయి గదత్తా?"

"సంచి మీద పేర్లు ఎవురు చదువుతారురా?"

ఎవరూ చదవరు. ఆ ధీమాతోనే కదా నేనూ దాన్ని వాడింది. అది నా మందుల సంచి, ఆయనకు ఫోన్ చెయ్యాలి, నంబరు కావాలి అన్నాను. "మందులా? ఏం మందులు?" అని ఆమె గొంతు పెంచేసరికి పెదనాన్న ఎక్కడినుంచో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని స్తంభం వెనక్కి లాక్కుపోయాడు.

"గమ్మునుండు. ఇచ్చిన తాంబూలం వెనక్కి అడుగుతావా? అందులోనూ మేనమామను? ఇప్పుడే తాళి పడింది, పిల్ల కాపురం ఏం గావాల?"

"అది తాంబూలం గాదు పెదనాన్నా. నా సంచులు. ఇప్పుడు లీకవుతాంది."

"బొట్టుపెట్టి ఇచ్చినాక ఏదైనా తాంబూలమే. సాయంత్రం బస్సు బయల్దేరేదాకా ఏమన్నా అడ్డం పెట్టుకో."

"ఇది చెమట గాదు అడ్డం పెట్టుకునేదానికి."

"అట్లయితే బస్సులో పోయి పండుకో. ఎవురికీ కనపడాకు."

నేను ఆయన చెయ్యి విడిపించుకుని మందుల అంగళ్ళకు పోయాను. మొదటి అంగడిలో అతను నేను చెప్పింది మొత్తం విని, మూత్రం పట్టే సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మూత్రానికి. నాకు పొట్టకు అంటించేది కావాలి."

"ఇదీ సంచే గదప్పా. సర్దుకో."

రెండో అంగడిలో ఆ పేరే వినలేదన్నారు. మూడోది మూసుంది, ఆదివారం. కర్నూలులో నాకు సంచి మార్చడం నేర్పిన నర్సుకు ఫోన్ చేస్తే కడపలో ఒక సర్జికల్ అంగడి నంబరిచ్చింది. అక్కడ ఎత్తినాయన, "ఉండాయి. మధ్యాహ్నం షట్టరు దించి పెండ్లికి పోవాల. ఆలోపల వస్తే ఇస్తా" అన్నాడు. ఈ జిల్లా మొత్తం ఆరోజు ఎవరిదో ఒకరి పెళ్లిలో ఉంది.

పెద్దవాళ్ళ డైపర్లు, దూది, కాగితం టేపు కొనుక్కుని మండపం బాత్రూంలోకి పోయాను. పాత సంచి మీదనుంచే డైపరు మడిచి పెట్టి, అంగవస్త్రం చీల్చి నడుముకు బిగించి కట్టాను. ఇది మరమ్మతు కాదు. పగిలిన పైపుకు గుడ్డ చుట్టడం. బస్టాండుకు పోయి కడప బస్సెక్కాలి, నిలబడి పోవాల్సి వస్తే ఆ కట్టు ఎంతసేపు ఆగుతుందో తెలియదు. అయినా పోదామనే బయటికి వచ్చాను.

మండపం మధ్యలో గుంపు. పెళ్లికొడుకు తండ్రి చేతిలో ఫోను, స్పీకరు పెట్టి ఉంది. అందులో మేనమామ అరుస్తున్నాడు.

"బావా, పిల్లోడు అరటిపండు అడిగితే సంచి ఇప్పినా. ఏముండాయో తెల్సునా? మనిషి తోలు రంగులో తిత్తులు! నడుమన బొక్క! ఒగ కత్తెర! విభూది మాదిరి తెల్లపొడి! సంచి మీద చూస్తే ఎవురో ఊరూపేరూ లేనోళ్ళ పేర్లు! నా మీదికి ఏం దోలినారు బావా నీ కొత్త వియ్యంకులు?"

పెళ్లికొడుకు తండ్రి పెదనాన్నను చూశాడు. "ఏం బావా? దీనికేం చెప్తావు?"

నేను గుంపులో దూరి ఫోను దగ్గరికి పోయాను. "అన్నా, ఆ సంచి ఇప్పుడు యాడుంది?"

"యాడుంటాది? మైదుకూరు దాటినాక కాలవలో ఇసిరేసి, టెంకాయ గొట్టి, కాళ్ళు గడుక్కోని పోతాండా. నువ్వెవరప్పా?"

నేనెవరో చెప్పేలోపు పెదనాన్న అందుకున్నాడు. ఆయన అబద్ధం అంత వేగంగా ఎట్లా తయారైందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

"అయ్యో, అవి మావాడి ఫ్యాక్టరీ సామాన్లు బావా! గాలి పరీక్ష చేసే సంచులు. పొరపాటున కలిసిపొయ్యుండాయి. అంతే."

"గాలి పరీక్షకు కత్తెరెందుకు?" అన్నాడు ఫోనులో మేనమామ.

"ఎందుకంటే..." పెదనాన్న నా వైపు తిరిగాడు. "చెప్పరా. నువ్వే గదా చదువుకున్నోడివి."

నడుముకు కట్టిన గుడ్డ కింద తడి తొడ మీదికి దిగుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు ముక్కు ఎగబీల్చి, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. నా సామాను కాలవలో పోతోంది. ఈయన నన్ను అబద్ధానికి కొలతలు చెప్పమంటున్నాడు.

కొత్త ఆపరేటర్లకు పరికరం గురించి చెప్పే గొంతుతోనే చెప్పాను. "ఆ తిత్తులు నావి. నాకు పెద్దపేగు లేదు. మలం పొట్ట మీదనుంచి వస్తుంది, ఆ తిత్తిలో పడుతుంది. బొక్క పేగు కోసం. కత్తెర ఆ బొక్కను పేగు కొలతకు కత్తిరించడానికి. పొడి విభూది కాదు, పుండు మీద చల్లేది. ఇప్పుడు నేను పెట్టుకున్నది ఊడిపోయింది. మీకొస్తున్న వాసన అదే. కొత్తది కడపలో ఉంది, అంగడి మధ్యాహ్నం మూస్తారు. ఇంకేమన్నా అడగాలంటే అడగండి, కొంచెం తొందరగా."

ముందుగా తేరుకున్నది మేనత్త. "అయితే ఆ మైదుకూరు హోటల్లో..." అని నోటి మీద కొంగు పెట్టుకుంది. ఆ కొంగు నా బాధకో, వాసనకో నాకు తెలియదు.

పెళ్లికొడుకు తండ్రి ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటుకునేదా ఇది?"

"కాదు."

"వంశంలో వచ్చేదా? మాకెవురూ చెప్పలేదే. రేపు పుట్టే పిల్లలకు..."

"మా పెదనాన్నను అడగండి. ఎవరికి ఏం చెప్పాలో ఆయనే చూసుకుంటాడు."

పెదనాన్న నన్ను చూసిన చూపు, చేతిలో ఏమన్నా ఉంటే విసిరేవాడు అన్నట్టుంది. అప్పుడు పెళ్లికూతురు గదిలోంచి వచ్చింది. కొంగుముడి ఇంకా విప్పలేదు కాబట్టి పెళ్లికొడుకూ వెనకే రావలసి వచ్చింది, కండువా పట్టుకుని, సంతలో తప్పిపోయినవాడిలా.

"తాళి కట్టినాక గ్యారంటీ కార్డు అడుగుతారేంది మామా?" అంది తను. "ముందే అడిగింటే నేనే చెప్పిందును. అన్నకు మా కారియ్యండి. మీ ఇల్లు పక్కవీధే గదా, మేం నడిచొస్తాం."

"పెండ్లికూతురు ఎక్కకముందే పూలకారు కదిలిస్తారా ఎవురన్నా?" అన్నాడు పెదనాన్న. "అశుభం."

"ఇంతకంటేనా నాయనా?" అంది తను.

నేను ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. బయట బంతిపూల దండలు చుట్టిన తెల్లకారు ఉంది. డ్రైవరు బీడీ పారేసి, "పెండ్లికూతురేదప్పా?" అన్నాడు. "నేనే. కడపకు పోనీ" అన్నాను. డిక్కీలో దొరికిన ప్లాస్టిక్ పట్టా సీటు మీద పరుచుకుని, కుడివైపుకు వాలి కూర్చున్నాను.

సిద్దవటం దారిలో ప్రతి ఊరి దగ్గరా జనం వంగి కారులోకి చూశారు. కొత్త జంట కోసం. వాళ్ళకు కనపడింది గడ్డం గీసుకోని ఒక మనిషి, పొట్ట పట్టుకుని, ఎవరినో తిట్టుకుంటున్నట్టు. ఒక ముసలామె అయినా సరే అని దీవించింది. కొంత దూరం పోయాక డ్రైవరు అద్దాలన్నీ దించాడు.

"నేను గాదప్పా" అన్నాడు.

"తెలుసు. నేనే."

"పెండ్లి భోజనమా?"

"ఒకరకంగా."

కడపలో షట్టరు సగం దించి ఉంది. అంగడాయన సిల్కు చొక్కా వేసుకుని, తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నా కంపెనీది లేదు, ఇంకో రకం ఉంది. ఇప్పిన తర్వాత వాపసు తీసుకోనన్నాడు. మార్చుకోవడానికి చోటు అడిగితే, "బాత్రూం లేదు. యెనక గోడౌనుండాది. నేలమీద పడనియ్యాకు" అన్నాడు. చక్రాల కుర్చీల మధ్య, బాటిల్ నీళ్ళతో కడుక్కున్నాను. చర్మం పచ్చిమాంసంలా ఎర్రబడి ఉంది. తుడిచి, ఆరబెట్టి, కొలత గీసి, ఆయన కత్తెరతో కత్తిరించి అంటించాను. కొత్త జిగురు పట్టాలంటే కాసేపు అరచేతి వేడి తగలాలి. చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. పట్టింది. ఆరోజు నన్ను పట్టుకున్నది అదొక్కటే.

ఒక పెట్టె మొత్తం కొనుక్కుని బయటికి వచ్చేసరికి ఫోన్ మోగింది. పెదనాన్న.

"ఎంతపని జేసినావురా. సరే, అయిందేదో అయిపాయె. కారులోనే వచ్చెయ్. వాళ్ళు మొగాలు మాడ్చుకోని కూర్చునుండారు. చిన్నదాని సంబంధం గూడా ఈళ్ళ చుట్టాల్లోనే అనుకుంటిమి గదా. నువ్వొచ్చి, డాక్టరు నాకు చెప్పినాడు, ఇది వంశంలో రాదు అని ఒగ మాట చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతారు. మొహమాటం లేకుండా చెప్పినావు గదా ఇందాక."

"డాక్టరు అట్ల చెప్పలేదు పెదనాన్నా. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు."

"ఆ రాకపోవచ్చు అనేది చెప్పు. రెండోది ఎందుకు?"

"సగం కొలత నేను చెప్పను."

"నీ చెల్లెలి కోసరం ఒగ అబద్ధం చెప్పలేవా?"

"నీ కాడ శానా ఉండాయి గదా. వాటిలోదే ఒకటి వాడుకో."

ఆయన మా నాన్న పేరెత్తి ఏదో అనబోయాడు. ఫోను పెట్టేశాను.

పూలకారును డ్రైవరుతో బద్వేలుకు పంపేసి, బస్టాండులో కర్నూలు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, కొత్త సంచి మీద మళ్ళీ అరచెయ్యి పెట్టుకున్నాను. బస్సు కదిలాక పక్కన కూర్చున్న పెద్దమనిషి యాడికప్పా అని అడిగాడు. పనేందని అడిగాడు. పెండ్లయిందా అని అడిగాడు. తర్వాత, "కడుపు మీద చెయ్యెందుకు పెట్టుకోనుండావు, నొప్పా?" అన్నాడు.

చెప్పాను. పైపు, గాస్కెట్, ట్యాంకు, మొత్తం చెప్పాను. ఆయన చివరిదాకా విని, ఏదో గుర్తొచ్చినట్టు లేచి, వెనక సీటుకు పోయాడు.

నేను కాళ్ళు చాపుకుని, పెట్టెను ఆ ఖాళీ సీట్లో పెట్టుకున్నాను.